గాటు ఏ వైపు?

దాదాపు యాభై ఏళ్ళు ఒకే కంచం ఒకే మంచంగా బతికిన చెల్లెలి కనుబొమ్మ మీద గాటు ఏ వైపు ఉండేదో టచింగక్కకు గుర్తు రాలేదు.

కాగితం మీద ముఖమంతా వచ్చేసింది. కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, ఎప్పుడూ ఏదో అనబోతున్నట్టుండే పెదవులు, చెవి పక్కన మాట వినని జుట్టు. అన్నీ పిలవగానే వచ్చి కూర్చున్నాయి. గాటు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు రెండు కనుబొమ్మల మధ్య గాలిలో ఆగిపోయింది. కళ్ళు మూసుకుంటే చెల్లెలు ఎదురుగా నిలబడేది. గాటు కుడి కనుబొమ్మ మీద కనిపించేది. ఔను ఇక్కడే అనుకునేలోపు ఎడమ కనుబొమ్మ మీదికి గెంతేది.

ఇలాంటి మాట పైకి చెబితే నవ్వుతారు. అయినా చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక! ఇంట్లో ఉన్న ఆ ఒక్క మనిషీ ఎనిమిది నెలల కిందట, డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒక చెప్పు విప్పింది, రెండోది విప్పలేదు.

టచింగక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పదహారేళ్ళ వయసులో ఇంటి కింది ఫోటో స్టూడియోలో టచింగ్ పనికి చేరింది. స్టూడియో మూతపడింది, ముసలి యజమాని పోయాడు, ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. పేరు మాత్రం పోలేదు. ఈ కాలం వాళ్ళకు టచింగ్ అంటే ఏమిటో చెప్పాలి. ఫోటో కాగితం మీదికి ఎక్కక ముందు ఫిల్ము మీద తిరగబడి ఉండేది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. ఆ ఫిల్మును వాలుబల్ల మీది గాజుపలక మీద పెట్టి, కింది నుంచి వెలుతురు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, ముడతలు, కళ్ళ కింద గుంటలు పూడ్చేవారు. పెన్సిలుతో లొంగనివాటిని చిన్న కత్తిమొనతో గీకేవారు. ఊపిరి బిగపట్టి చెయ్యాల్సిన పని. తుమ్మితే పెళ్ళికూతురి ముక్కు పోతుంది.

"దేవుడు తొందరలో చేసేస్తాడమ్మా, మనం తీరిగ్గా దిద్దుతాం" అనేవాడు యజమాని.

ఆ గాటు మాత్రం దేవుడు చేసింది కాదు. అక్కకు పదకొండు, చెల్లికి ఎనిమిది. అక్క మూడు రోజులు కూర్చుని వేసిన రాణిగారి బొమ్మకు చెల్లెలు బుర్రమీసాలు పెట్టింది. అక్క చేతిలో రేకు స్కేలుంది. బెదిరించాలనే ఎత్తింది, విసరాలని కాదు. స్కేలుకు ఆ తేడా తెలియలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి చెల్లెలు ముఖం నిండా నెత్తురుతో, "తలుపు తగిలిందే అమ్మా" అంది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ చోట వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. కనుబొమ్మకు పాపిడి తీసినట్టు ఒక సన్నని గీత మిగిలింది. అక్కచెల్లెళ్ళిద్దరూ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. తలుపు తలుపుగానే ఉండిపోయింది.

చెల్లెలి స్కూలు చదువు ముగిశాక సర్టిఫికెట్టు కోసం ఫోటో తీసినప్పుడు, ఆ ఫిల్ము టచింగక్క బల్ల మీదికే వచ్చింది. తెల్లగా మెరుస్తున్న కనుబొమ్మకు అడ్డంగా గాటు నల్ల వెంట్రుకలా కనిపించింది. కత్తిమొనతో గీకేసింది. ఫోటోను చెల్లెలు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "ఎవరే ఇది, మన చుట్టాలమ్మాయా? బాగానే ఉంది" అంది.

ఆ తర్వాత ఏ ఫోటోనూ వదల్లేదు. పెళ్ళి ఫోటోలు, రెండేళ్ళకు ఆ పెళ్ళి వద్దనుకుని వెనక్కి వచ్చాక కండక్టరు ఉద్యోగానికి పెట్టుకున్న ఫోటో, డిపోలో అందరితో నిలబడి తీయించుకున్నది, అన్నిట్లోనూ గాటు మాయం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వాళ్ళకు కూడా టచింగక్క సంజాయిషీ చెప్పుకునేది. "గాటు ఉంటే ఫోటోలో మచ్చలా పడుతుంది, అందుకే."

ఇప్పుడు ఆ ఫోటోలన్నీ మంచం మీద పరిచి చూసింది. పదిహేడున్నాయి. ఒక్కదానిలోనూ లేదు. దొంగతనం చేసినవాడు వేలిముద్రలు తుడుచుకుపోయినట్టు, పదిహేడు చోట్లా తన పనితనమే కనిపించింది. పోనీ, చెల్లెలి సెల్‌ఫోనులో చూద్దామంటే, ఆ ఫోను టచింగక్కను మించిన టచింగక్క. తీసిన ప్రతి ముఖాన్నీ పాలల్లో ముంచి తీసినట్టు నున్నగా చేసి పెట్టింది. మిగతావన్నీ బొమ్మల ఫోటోలు. అవికాక, ఒక వీపు. వాలుబల్ల ముందు వంగి కూర్చున్న వీపు. పగటి వెలుతురులో వీపు, దీపం వెలుతురులో వీపు, ఎండాకాలం వీపు, శాలువా కప్పుకున్న వీపు. వంద దాకా ఉన్నాయి. తన వీపు అంత వంగిపోయిందని టచింగక్కకు అప్పటిదాకా తెలియదు.

అవి ఎందుకు తీసిందో తెలుసు. మూడేళ్ళ కిందట చెల్లెలు ఆ ఫోనులో "టచింగక్క బొమ్మలు" అని ఒక పేజీ తెరిచింది. అక్క వేసిన బొమ్మలన్నీ అందులో పెట్టేది. చూసేవాళ్ళు వందల్లోకి వెళ్ళారు. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"నీ ఫోటో కూడా ఒకటి పెడతానే అక్కా. బొమ్మలు వేసేది మనిషా దెయ్యమా అని అడుగుతున్నారు."

"దెయ్యమని చెప్పు."

"చెప్పాను. దెయ్యానికి పెన్సిలు చెక్కడం వచ్చా అంటున్నారు."

"చూడు, టచింగ్ చేసినవాళ్ళు ఫోటోలో కనిపించకూడదు. కనపడకపోవడమే పనితనం. అయినా, ఇంటికొచ్చిన వాళ్ళకి ఆల్బం చూపిస్తాం. దారిన పోయేవాళ్ళని పిలిచి చూపిస్తామా?"

"నా బస్సులో అందరూ దారిన పోయేవాళ్ళే" అంది చెల్లెలు. "నాకు చుట్టాలంటే వాళ్ళే."

అడిగితే వద్దంటుందని అడక్కుండా వీపు తీసేది కాబోలు. తీసింది గానీ, ఒక్కటీ పేజీలో పెట్టలేదు.

ఇన్నాళ్ళకు ఆ పేజీ తెరిచి చూస్తే, జనం ఇంకా ఎదురుచూస్తున్నారు. "అక్కా, బొమ్మలు ఆపేశారేం?" "అక్కా, మీ జోకులు లేక పొద్దుపోవట్లేదు." టచింగక్క ఆశ్చర్యపోయింది. తను ఎవరితో జోకులు వేసింది? పాత వ్యాఖ్యలు తిరగేసింది. ఎవరో, "ఈ తాతయ్య బొమ్మలో కళ్ళు నన్నే చూస్తున్నాయక్కా" అంటే, "టిక్కెట్టు తీసుకున్నావా లేదా అని చూస్తున్నాడు" అని జవాబు ఉంది. మూడేళ్ళుగా అక్క పేరుతో మాట్లాడింది చెల్లెలే. బయట లోకానికి తెలిసిన టచింగక్క నవ్వించే మనిషి. ఆ మనిషి పోయిందని వాళ్ళకు తెలియదు.

ఆ మధ్యాహ్నం టచింగక్క గాటును కుడి కనుబొమ్మ మీదే గీసేసింది. బుర్ర తేల్చుకోలేనప్పుడు చెయ్యి తేల్చేసింది. పదిహేడుసార్లు కత్తిమొన వెళ్ళిన చోటికే పెన్సిలూ వెళ్ళింది. బొమ్మను కిటికీ దగ్గర ఆనించి ఫోటో తీసి, పేజీలో పెట్టి, "మా చెల్లెలు. పోయింది" అని రెండు ముక్కలు రాసింది. ఇంకేం రాయాలో తెలియలేదు. జోకులు వచ్చిన మనిషైతే రాసి ఉండేది.

పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు, కన్నీటి చుక్కల ముఖాలు వానలా పడ్డాయి. "ఎంత సహజంగా ఉందో!" "ఫోటోనా బొమ్మా?" "మా మామయ్యది కూడా ఇలా వేస్తారా?" ఒక్కొక్కటీ చదివింది. చదివినకొద్దీ ఏదో చేజారుతున్నట్టనిపించింది. వాళ్ళు మెచ్చుకుంటున్నది బొమ్మను. ఆల్బంలోంచి చెల్లెల్ని తీసి, తెలియని ఇళ్ళల్లో అందరి చేతులూ మారడానికి పంపినట్టుంది. ఫోను బోర్లించి, వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

సాయంత్రం తీసి చూస్తే ఆ పువ్వుల మధ్య ఒక ముల్లు కనిపించింది. "ఏడున్నర బస్సు" అని పేరు పెట్టుకున్న ఎవరో ఇలా రాశారు. "కండక్టరమ్మే! బొమ్మ చాలా బాగుంది గానీ, గాటు అటు కాదండీ, ఇటు."

టచింగక్క ఫోనును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. అటంటే ఎటు? ఇటంటే ఎటు? ఎదురుగా కూర్చుని వేలు చూపిస్తే తప్ప అర్థం కాని మాటలు అవి. వెంటనే, "ఎటు?" అని ఒక్క ముక్క కొట్టింది.

"కిటికీ వైపు" అని వచ్చింది జవాబు.

"ఏ కిటికీ?"

"బస్సు కిటికీ అండీ. నేనెప్పుడూ ఆడవాళ్ళ వైపు మూడో సీటు. ఆవిడ నా పక్కన నిలబడి టిక్కెట్లు కొట్టేది. కిటికీ వైపు కనుబొమ్మ మీద ఉండేది. ఎడమది. నాది కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పొద్దున్నుంచి జనం కనుబొమ్మలు చూడటమే నా పని. పొరపాటు పడను."

అప్పుడు వెలిగింది టచింగక్కకు. చెయ్యి అబద్ధం చెప్పలేదు. ఫిల్ముకు మందు పూసిన వైపు పైకి పెట్టి పని చెయ్యాలి. ఆ వైపు నుంచి చూస్తే అద్దంలోలాగే ఎడమ కుడవుతుంది. ఇన్నేళ్ళూ ఆమె చెల్లెలి గాటును చెరిపింది తిరగబడిన ముఖం మీద. చేతికి తెలిసిన చెల్లెలు తిరగబడిన చెల్లెలు. మరి కళ్ళకు తెలిసిన చెల్లెలు ఏమైంది? రోజూ ఎదురుగా కూర్చుని తిన్న మనిషిని తను చూడనే లేదా? అదే ఆమెను కాల్చింది. ఒక్క కళ్ళజోళ్ళ షాపావిడ మాట పట్టుకుని దిద్దడానికి మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. చెల్లెలి బస్సు నడిపిన డ్రైవరు. చేతిలో గుడ్డసంచి.

"కొత్త కండక్టరుకి లాకరిచ్చారక్కా. ఇవి మిగిలిపోయాయి" అని విజిలు, దువ్వెన, మూత ఊడిన బామ్ సీసా బల్ల మీద పెట్టాడు. తర్వాత అతని చూపు గోడకు ఆనించిన బొమ్మ మీద పడింది. చాలాసేపు చూశాడు.

"ఫోనులో చూశాను గానీ, ఇంత పెద్దదనుకోలేదు."

"తమ్ముడూ, నిజం చెప్పు. గాటు ఆ వైపేనా?"

"ఆ వైపే. పదకొండేళ్ళు చూశాను కదక్కా. కుడి వైపే."

టచింగక్క ప్రాణం కుదుటపడింది. అంతలోనే అనుమానం వచ్చింది. "ఎక్కణ్ణుంచి చూసేవాడివి?"

"ఎక్కణ్ణుంచేంటి, నా నెత్తి మీద అద్దంలోంచి. వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంటే బస్సు నడిచేదెవరు..." అంటూ ఆగిపోయాడు. చెయ్యి తన కనుబొమ్మ మీదికి పోయింది. ముందు ఒకటి తడుముకున్నాడు, తర్వాత రెండోది. "అయ్యో. అద్దం కదూ. అయితే ఎడమవైపా?"

"నీదీ నా బతుకే తమ్ముడూ" అంది టచింగక్క.

అతను నవ్వబోయి మానుకున్నాడు. "అయినా విచిత్రం కాకపోతే, మీరు నన్నడగడమేంటక్కా? ఆ గీత గీసింది మీరేగా!"

టచింగక్క చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరేంటి, ఆవిడే. డిపోలోకి ఎవరు కొత్తగా వచ్చినా చూపించేది. 'మా అక్క ఆర్టిస్టు. తను గీసిన మొదటి గీత ఇదే, సంతకం ఒక్కటే తక్కువ' అని. మేనేజరుకి కూడా చెప్పిందంటే చూసుకోండి."

"తలుపు తగిలిందని చెప్పలేదూ?"

"తలుపా? ఏ తలుపు?" అన్నాడు డ్రైవరు.

అతను టీ తాగి, విజిలును ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. టచింగక్క రెండు గ్లాసులూ కడిగింది. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో రెండు గ్లాసులు ఎంగిలవడం అదే మొదలు. కడిగాక రెండోదాన్ని ఎక్కడ బోర్లించాలో తెలియక కాసేపు చేత్తో పట్టుకునే నిలబడింది. బస్సెడు జనానికి తెలిసిన మాట. తను కప్పిపుచ్చుతున్నాననుకున్నది ఆ మాటనే. చెల్లెలు గొప్పగా చూపించుకుంటూ తిరిగిన గీతను తను పదిహేడు చోట్ల గీకి పారేసింది. ఒక్కసారన్నా ఉంచవే అని అడగొచ్చు కదా ఆ పిల్ల! "మన చుట్టాలమ్మాయా" అన్నప్పుడే అడిగిందేమో.

మర్నాడు తెల్లవారుజామున కళ్ళజోళ్ళ షాపావిడ దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. "పాత ఫోను వెతికితే దొరికింది. బస్సులో ఎవరో గొడుగు మర్చిపోతే, ప్రయాణికుల గ్రూపులో పెడదామని తీశాను. గొడుగు కోసం తీసింది, ఏమీ అనుకోవద్దు."

ఫోటో కదిలిపోయింది. సగం గొడుగే. ఆ గొడుగును జెండాలా పైకెత్తి, ఎవరిదమ్మా ఇది అని అరుస్తూ చెల్లెలు. జుట్టు గాలికి లేచిపోయింది, నోరు బార్లా తెరుచుకుంది. టచింగక్క ముందు ముఖం చూడలేదు. పాత అలవాటు కొద్దీ అక్షరాల కోసం వెతికింది. ఫిల్ము ఏ వైపు ఉందో తేల్చుకోవాలంటే ముఖాన్ని నమ్మకూడదు, వెనక బోర్డును నమ్మాలి. చెల్లెలి భుజం వెనక, తలుపు పైన, "ఫుట్‌బోర్డుపై నిలబడరాదు" అన్న అక్షరాలు ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి, చదవడానికి వీలుగా. తిరగబడలేదు.

అప్పుడు ముఖం చూసింది. ఎడమ కనుబొమ్మ. గాటు తను అనుకున్నదానికంటే పొడుగు, ఇంకాస్త వాలుగా ఉంది. చెల్లెలు అరిచినప్పుడు కనుబొమ్మతో పాటు అదీ పైకి లేచింది.

వాలుబల్ల ముందు కూర్చుని, బొమ్మలో కుడి కనుబొమ్మ మీద తప్పుగా గీసిన గాటును తీసేసింది. ఆమె చేతికి తెలిసిన పనే అది, నిమిషం పట్టలేదు. ఎడమ కనుబొమ్మ మీద గీత గియ్యడానికి మాత్రం గంటసేపు కూర్చుంది. చివరికి ఒక్క విసురున గీసింది, స్కేలు వెళ్ళినట్టే. బొమ్మను దూరం పెట్టి చూసింది. అంతా సరిగ్గా ఉంది. గాటుంది, గడ్డముంది, జుట్టుంది. కానీ బొమ్మలో పిల్ల నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. అరుస్తున్నది ఆ గొడుగు ఫోటోలోనే.

"ఈ ఫోటో నా పేజీలో పెట్టుకోవచ్చా?" అని కళ్ళజోళ్ళ షాపావిడను అడిగింది.

"మీ చెల్లెల్ని పెట్టుకోవడానికి నన్నడుగుతారేంటండీ! అన్నట్టు, ఆ గొడుగు ఎవరిదో ఇంతవరకూ తేలలేదు. వాళ్ళెవరైనా చూస్తారేమో, పెట్టండి."

ఫోటోను పేజీలోకి ఎక్కించబోతుంటే ఫోను తనంతట తానే అడిగింది, ముఖాన్ని నున్నగా చెయ్యనా అని. వద్దని నొక్కింది. కింద రాయడానికి చాలాసేపు ఆలోచించింది. ఆఖరికి ఇలా రాసింది. "మా చెల్లెలు. మీతో ఇన్నాళ్ళూ నవ్వుతూ మాట్లాడింది తనే, నేను కాదు. ఈ ఫోటోకి టచింగ్ చెయ్యలేదు. కనుబొమ్మ మీది గీత నేను గీసిందే."

వేలు గాలిలో ఆగింది. ఇది పంపిస్తే ఇక తిరిగి గీకడానికి ఉండదు. దారిన పోయేవాళ్ళందరూ చూస్తారు. చూడనీ. వాళ్ళకు ముందే తెలుసు. తెలియనిది తనకే. నొక్కేసింది.

కింద కవర్ల షాపు షట్టరు ఎత్తిన చప్పుడైంది. వీధి చివర ఏడున్నర బస్సు ఆగి, కదిలింది. విజిలు వినిపించింది గానీ ఆ ఊదడం వేరు. ఫోను టింగుమంది. ఎవరో తెలియని కుర్రాడు, ముఖం స్థానంలో పులిబొమ్మ పెట్టుకున్నవాడు.

"మేడమ్, ఫోటో కొంచెం బ్లర్ అయింది. నా దగ్గర మంచి యాప్ ఉంది, క్లియర్ చేసి పంపమంటారా? ఆ కనుబొమ్మ మీద గీత కూడా కనపడకుండా తీసేస్తాను. ఒక్క సెకను పని."

టచింగక్కకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు. "విన్నావుటే..." అంటూ గుమ్మం పక్క స్టూలు వైపు తిరిగింది. స్టూలు ఖాళీగా ఉంది. నవ్వు అక్కడిదాకా వెళ్ళి, పట్టుకునేవాళ్ళు లేక, మెల్లగా తిరిగొచ్చింది.

ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది.

"వద్దు నాయనా. ఆ పని నాకూ వచ్చు."